పాత తపాలాబిళ్లలు, చేతియచ్చులు

ఉత్తరములు వ్రాయువారు నానాటికి తగ్గిపోవుచుండగా ఉత్తరపుకాగితములను చేతితో సింగారించువారు పెరుగుచుండుట మాకు మొదట వింతగానే తోచినది. మా పాఠశాలలో పైతరగతుల బాలికలు కొందఱు మధ్యాహ్నవిరామమున పెన్సిలువ్రాతను చెఱపు రబ్బరును సన్నని ఉలితో చెక్కి, సిరాలో నద్ది, కాగితపుటంచులమీద చిలుకలను, తీగెలను ఒత్తుచుందురు. మూలలయందు వాడిన పాత తపాలాబిళ్లల నంటింతురు. మిగిలిన కాగితమును మడచి లకోటాలు చేయుదురు. ఇట్టి కట్టలు నగరములలో మంచి వెలకు అమ్ముడుపోవుచున్నవి. కొన్నవారిలో ఎందఱు వానిమీద ఉత్తరము వ్రాయుదురో, ఎందఱు ఛాయాచిత్రము తీసి నలుగురకు జూపి బీరువాలో దాచుదురో చెప్పజాలము. మేము సంస్కృతమును, ఆంగ్లమును చెప్పుకొని బ్రతుకు బడిపంతులము గనుక, ఈ నెపమున పిల్లలచేత ఒక్క ఉత్తరమైన వ్రాయింపవచ్చునను ఆశతో ఆ వేడుకకు అడ్డు చెప్పలేదు. కొంత చేయికూడ గలిపితిమి.

ఇది నేటి పడుచువాండ్ర వెఱ్ఱి యని కొట్టివేయు పెద్దలకు ఒక సంగతి విన్నవించుకొందుము. ఈ వెఱ్ఱి తపాలాబిళ్లతోనే పుట్టినది. రోలండు హిల్లుగారి సంస్కరణఫలముగా 1840 మేనెలలో ఇంగ్లండున మొదటి బిళ్ల వెలువడెను. 1841లోనే లండను 'టైమ్సు' పత్రికయం దొక యువతి ప్రకటన వేయించినది. తన యలంకారగృహపు గోడలకు వాడిన తపాలాబిళ్ల లంటింప దలచితి ననియు, ఇప్పటికే పదునాఱువేలు చేరిన వనియు, దయగలవారు తమయొద్ద నున్నవి పంపవలసిన దనియు దాని సారాంశము. మన బాలికలు గోడలవఱకు పోలేదు, అదియే మేలు.

అదే 1840లో ఆంగ్లప్రభుత్వమువారు బిళ్లతోబాటు బొమ్మలు అచ్చువేసిన కాగితములను, లకోటాలను గూడ అమ్మకమునకు బెట్టిరి. విలియం మల్‌రెడీ యను చిత్రకారుడు వ్రాసిన బొమ్మ యది. నడుమ బ్రిటానియాదేవి కూర్చుండి నలుదెసలకు దూతలను ఎగురవిడుచుచుండును. ఏనుగులు, ఒంటెలు, ఓడలు, నానాదేశములజనులు ఆ చిన్న కాగితముమీద క్రిక్కిఱిసి యుందురు. ప్రజలు చూచి విఱుగబడి నవ్విరి. దానిని వెక్కిరించు బొమ్మలను అచ్చువేసి అమ్ముకొని కొందఱు బాగుపడిరి. ప్రభుత్వమువారు త్వరలోనే దానిని మానుకొనవలసివచ్చెను. మిగిలిన రాసులను నాశనము చేయుటయే వారికొక పనియైనది. రాణితల తప్ప మఱేమియు లేని నల్లని చిన్నబిళ్ల నిలిచినది. మేము పిల్లల కీకథ చెప్పి, కాగితములో మూడుపాళ్లు వ్రాతకు విడిచిన పిదపనే బొమ్మలకు దిగవలసినదని కట్టడి చేసితిమి.

చూపునకు ఒకజాతివిగా గానవచ్చినను పాతబిళ్లకును, చేతియచ్చునకును స్వభావము వేఱు. అచ్చు ఎంత వాడినను తరుగని సొత్తు. ఒకమాఱు చెక్కినచో నూఱు కాగితములపై ఒత్తవచ్చును. విఱిగినచో మఱియొకటి చెక్కవచ్చును. బిళ్ల యట్లు కాదు. అది యొక ఊరినుండి మఱియొక ఊరికి ఒకమాఱు పయనించి వచ్చినది. దాని వీపున నున్న కాగితము, దాని మొగమునబడిన నల్లనిముద్ర ఆ పయనమునకు సాక్ష్యములు. ఈ భేదమును తలపెట్టకుండ రెంటిని ఒకేకత్తెరక్రింద బెట్టుటచే కలుగు నష్టమును జెప్పుటకే మే మీవ్యాసమునకు పూనుకొంటిమి.

మొదట అచ్చుల మాట. మచిలీపట్టణమునకు చేరువనున్న పెడనలో కలంకారీ యద్దకమునకు టేకుపలకపై అచ్చులు చెక్కువారు నేటికిని గలరు. పలకను నునుపుచేసి, బొమ్మను దింపి, చిన్నచిన్న ఉలులను కొయ్యతో తట్టుచు, అక్కఱలేని కొయ్యను లేపివేయుదురు. రేఖ కొకయచ్చు, నడుమ నింపు రంగున కొకయచ్చు, రెండవరంగున కింకొకటి. అన్నియు ఒకదానిపై నొకటి వెండ్రుకవాసి తేడా లేకుండ కూర్చుండవలెను. ఒక యాకువంపును తీర్చుటకు వారు చూపు ఓర్పును కన్నులార జూచినవాడు వెలదగ్గఱ బేరమాడజాలడు. ఆ కొయ్యపనికి మా పిల్లలు తగరు. వారికి రబ్బరు చాలును. పలుచని కాగితముపై పెన్సిలుతో వ్రాసి, ఆ మొగమును రబ్బరుపై బోర్లించి గోటితో రుద్దినచో వ్రాత కుడియెడమలు మాఱి దిగును. ఒత్తినపుడు మఱల సరియగును. కత్తిని కదల్పక రబ్బరును త్రిప్పవలెను. గీతకు ఇరుప్రక్కల నిలువుగా గాక వాలుగా కోయవలెను. పైన సన్నగీత యున్నను అడుగున మందము మిగిలినపుడే ఆ గీత నిలుచును. ఈ రెండు సూత్రములు తెలిసినవానికి చిలుక వచ్చును.

అక్షరము మాత్రము అంత సులభముగ రాదు. ఆంగ్లమున గీతలు నిలువులు, అడ్డములు, కత్తికి అనుకూలములు. మన లిపి గుండ్రనిది. గుడికిని, తలకట్టునకును నడుమ ఆవగింజంత సందు మిగులును; అచ్చట ఉలి జాఱెనా, అక్షరము రూపుచెడును. ఒక బాలుడు ఉత్తరము చివర ఒత్తుకొనుటకై 'విధేయుడు' అని చెక్కినాడు. నాలుగవనాటికి ధకారపు ఒత్తు విఱిగి వాడు 'విదేయుడు' అయ్యెను. వాని నడవడికి ఆ రెండవమాటయే తగునని తోడిపిల్లలు తీర్మానించిరి. అయినను ఇరువది నిమిషములు ఒక్క అక్షరమునందు చూపు నిలిపిన బాలుడు వర్ణక్రమదోషము చేయుట అరుదని మా యనుభవము. పలకపై నూఱుమాఱులు దిద్దించిన రానిది ఒక్కమాఱు చెక్కించిన వచ్చును.

ముద్రకు మఱియొక గుణము గలదు. ముద్రారాక్షసము చదివినవా రెఱుగుదురు. రాక్షసమంత్రి యుంగరము చాణక్యునిచేత బడి, ఆ ముద్రతో నొక కూటలేఖ బయలుదేరి, మలయకేతువునకు రాక్షసునియెడ నున్న నమ్మకమును తెగగొట్టినది. చెక్కినముద్ర అబద్ధ మాడగలదన్నమాట. మా బాలుర కిది యెవరును నేర్పనక్కఱలేకయే తోచినది. ఒకడు పండ్లయంచుతో సహా తపాలాబిళ్లనే చెక్కి, దేశనామమును, అయిదురూపాయల వెలను వేసినాడు. ప్రభుత్వపు బిళ్లను పోలినదానిని చేయుటయు అమ్ముటయు మన దేశమున నేరము. పాత శిక్షాస్మృతిలో నుండిన యీ నిషేధము 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోను నిలిచియున్నది. జరిమానా రెండువందల రూపాయలవఱకు. వాడినబిళ్లపై ముద్రను మోసముచేయు తలంపుతో చెఱపుట అంతకంటె పెద్దనేరము. కావున చేతియచ్చున వెలగాని దేశనామముగాని కూడదనియు, పాతబిళ్లలు లోపలికాగితముమీదనే గాని లకోటామీద ఉండరాదనియు, తపాలాకు నేటి వెలగల క్రొత్తబిళ్లను వేఱుగా నంటింపవలె ననియు నియమించితిమి. అమెరికాలో 1861 మొదలు వెలువడిన వాడని బిళ్లలు నేటికిని చెల్లును గనుక, అచ్చట పెండ్లిపిలుపులమీద పాతబిళ్లలను నాలుగైదు కూర్చి లెక్క సరిపెట్టి అంటించుట ఒక వేడుకయైనది. అచ్చట కాపురమున్న మా పూర్వవిద్యార్థిని యొకతె అట్టి లకోటాను మాకు పంపినది. బిళ్లలు నిండి మా చిరునామాకు చోటు చాలలేదు, అయినను చేరినది.

పెండ్లిపిలుపుల ప్రస్తావన వచ్చినది గనుక చెప్పుదుము. నేటి శుభలేఖ లేఖ కాదు, పెట్టె. మూత తెఱచినచో పట్టుగుడ్డ, గుడ్డక్రింద జీడిపప్పు, పప్పుప్రక్కన వెండిపూత గిన్నె, అన్నింటి యడుగున ఎక్కడనో ముహూర్తము. మీద పూతబంగారు విఘ్నేశ్వరుడు. పెండ్లియైన పిదప ఆ విఘ్నేశ్వరుని ఏమి చేయవలెనో ఏ గృహిణికిని తెలియదు. పాఱవేయుటకు భయము, దాచుటకు చోటులేదు. అటకమీద ముప్పదిమంది విఘ్నేశ్వరులు పేరుకొన్న యిండ్లను మే మెఱుగుదుము. కన్యాదాత అప్పుచేసి ఆ పెట్టెలను పంచుట, పుచ్చుకొన్నవారు పప్పు తిని ముహూర్తమును చరవాణిలో మఱల అడుగుట!

మా తమ్ముని కుమార్తెకు రెండేండ్లక్రిందట వివాహము కుదిరెను. కట్నము మాట యెత్తని సంబంధము. పెట్టెలకు నలువదివేలు కాగలదని లెక్క తేలగా, ఆ పిల్ల తానే నూటయిరువది లేఖలు చేసెద నన్నది. గుడ్డపీలికల గుజ్జుతో చేసిన చేతికాగితము తెప్పించినది. అచ్చులు చెక్కుకొన్నది. పాతబిళ్లలకై మా తండ్రిగారి పెట్టె నడిగినది. చిక్కు అచ్చట వచ్చినది.

ఆ పెట్టెలో రెండువస్తువులు గలవు. ఒకటి బిస్కత్తుడబ్బా, దానినిండ మా తండ్రిగారు బాల్యమున నీట నానబెట్టి యూడదీసిన విడిబిళ్లలు. 1957 ఏప్రిలు 1న నయాపైసలు వచ్చినపుడు దేశపటముతో వెలువడిన బిళ్లలు గుప్పెళ్లకొలది యున్నవి. నిజాముప్రభుత్వమువారు 1931లో చార్మినారుబొమ్మతో వెలువరించిన అణాబిళ్లలును కొన్ని గలవు. రెండవది దారముతో గట్టిన పాతలకోటాల కట్ట. అవి మా తాతగారి అప్పగారి యుత్తరములకు పైతొడుగులు. మొత్తము అఱువదిమూడు.

ఆమెకు ఏడవయేట పెండ్లియు, తొమ్మిదవయేట వైధవ్యమును సంభవించినవి. 1930 ఏప్రిలు 1న శారదాచట్టము అమలులోనికి వచ్చునప్పటికే ఆమె జీవితమున ఆ రెండును గడచిపోయినవి. ఆమె తమ్మునికి వ్రాసిన యుత్తరములను ఆనాటి వాడుకచొప్పున వంటింటి గోడకు వ్రేలాడు ఇనుపతీగెకు గుచ్చిరి. తొడుగులను బిళ్లలకొఱకు పదియేండ్ల బాలుడైన మా తండ్రిగారు పుచ్చుకొనిరి. 1963లో ఇల్లు అమ్మినపుడు తీగెమీది యుత్తరములన్నియు నీళ్లకాగుక్రింద పొయ్యిలోనికి పోయినవి. ఎవరును చెడుతలంపుతో చేసినపని కాదు. పాతకాగితము మంటకు బాగుండును. కావున ఆమె వ్రాసిన మాటలలో మాకు ఒక్కటియు మిగులలేదు. మిగిలినవి తొడుగులు, అవియు బిళ్లలపుణ్యమున.

వానిని కత్తిరించి బిళ్లలను శుభలేఖల కెక్కించెద నని మా పిల్ల. అందు 1948 ఆగస్టులో వెలువడిన గాంధీబిళ్ల యొకటి గలదు. స్విట్జర్లండున ముద్రితమై, నాగరిలోను ఉరుదూలోను 'బాపూ' అని వ్రాసియున్న అణాన్నర గోధుమరంగుబిళ్ల. దానిపై దాని కన్ను పడినది.

"పెదనాన్నగారూ, ఇవి చీకట్లో పడి ఉంటే ఎవరికి లాభం? నలుగురి ఇళ్లకూ వెళ్తే నలుగురూ చూస్తారు కదా!" అన్నది. మాట త్రోసివేయదగినది కాదు.

ఇంతలో బంధువులలో పెద్దముత్తైదువ యొకామె సంగతి విని పరుగున వచ్చినది. "మతిపోయిందా మీకు? పసుపుకుంకాలకు నోచుకోనిదాని ఉత్తరాలమీద బిళ్లలు పెళ్లిపిలుపుమీదనా?" అని గద్దించినది. అప్పుడు మా సంకటమును చదువరులు ఊహింపగలరు. కత్తిరింపరాదని మాకు ముందే తోచినది. కాని యిప్పుడు వలదన్నచో ముత్తైదువమాటకు తలయొగ్గినట్లగును. సరే యన్నచో కత్తెరకు తలయొగ్గినట్లగును. ఒక యపశకునపు పిచ్చిని కాదనుటకై ఆమె జాడనే తుడిచివేయుట న్యాయమా? మా పిల్లయు పట్టు బిగించినది. "ఇప్పుడు అంటించి తీరతాను" అన్నది. దాని పౌరుషమునకు మేము లోలోపల సంతసించితి మని చెప్పుటకు సందేహింపము.

ఆ రాత్రి మే మిద్దఱమును తొడుగులను నేలపై తేదీలవరుసను పఱచితిమి.

మొదటి తొమ్మిదియు 1933 మొదలు 1935 వఱకు. ఆమె అత్తవారి యూరినుండి మా ముత్తాతగారి పేర వచ్చినవి. చిరునామా ఆమె మఱదిగారి చేతివ్రాత. 'మహారాజరాజశ్రీ' మొదలుకొని వంకరలేని కచేరీవ్రాత. ఆ యుత్తరములలో ఆమె మాట యెంత యుండెనో ఏమో. పిదప పదునెనిమిదినెలలు ఏమియు లేదు. 1937 మార్చిలో గుంటూరు ముద్రతో నొకటి. చిరునామా వేఱుచేతిది. రేగుపండ్లంత అక్షరములు, పంక్తి యెగుడుదిగుడు, తమ్ముని ఇంటిపేరులో ఒకయక్షరము రెండుమాఱులు దిద్దబడినది. వెనుకను 'శారదా నికేతనము' అని గలదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారును లక్ష్మీబాయమ్మగారును గుంటూరున 1922లో స్త్రీవిద్యకై నెలకొల్పిన సంస్థ యది. ఇరువదేండ్లకు చేరువైన వితంతువు ఎవరి యనుమతితో, ఎవరి తోడుతో అచ్చటికి జేరెనో మా యింట చెప్పువారెవరును లేకుండిరి. ఆమె గుంటూరున చదివెనన్న సంగతియే మా తండ్రిగారికి గూడ తెలియదు. పెట్టెలో ఆఱుదశాబ్దము లున్నది. ఎవరును వరుసగా బెట్టి చూడలేదు.

తరువాతి తొడుగులలో అక్షరములు నెలనెలకు చిన్నవగుచు, కుదురుకొనుచు వచ్చినవి. 1941లో బెజవాడనుండి వచ్చినదానిపై చిరునామా తెలుగునను, ఆంగ్లమునను గూడ నామె చేతివ్రాతయే. వెనుక ఒక ప్రాథమికపాఠశాల పేరు, 'ఉపాధ్యాయిని' యను మాట. 'ఉపాధ్యాయిని' అనుచోట కలమును కొంచెము నొక్కినట్లు తోచును; అది మా ప్రేమయేమో. చదువరులారా, ఒక యుత్తరమైన లేకుండ, లకోటాల వెలిమొగములు చూచి ఒక స్త్రీ అక్షరాస్యురాలై ఉద్యోగినియైన చరిత్రమును మేము చదివితిమి.

కాని వరుస నడుమ తెగినది. 1938 జులై మొదలు 1940 తుదివఱకు పదునాలుగు తొడుగులకు కుడిమూల చదరపుకిటికీలున్నవి. మా తండ్రిగారు బిళ్లల సేకరణకు దిగినపుడు మొదట చేతికి దొరకిన కట్ట యదియట. పదునాలుగు కత్తిరించి నానబెట్టునప్పటికి బడిలో ఫుట్‌బాలు వచ్చినది, బిళ్లలు మూలబడినవి. ఆ క్రీడకు మే మెంతయు కృతజ్ఞులము. బయలుదేరిన యూరి ముద్ర బిళ్లమీద పడును గనుక కిటికీతో గూడ నది పోయినది. వెనుక మా తాతగారి యూరి తపాలాకచేరిలో వేసిన చేరినదినపు ముద్రలు మాత్రము మిగిలినవి. అనగా ఆ రెండున్నరయేండ్లును ఆమె తమ్మునికి వ్రాయుచునే యుండెనని తెలియును. ఎచ్చటనుండి వ్రాసెనో తెలియదు. ఆ కాలమున వెనుక చిరునామాయు వ్రాయలేదు. గుంటూరున లేదని అక్కడి నామమును మానివేయుటచే తోచును. బెజవాడకు ముందు ఉపాధ్యాయశిక్షణ ఎచ్చటనో పొందియుండవలెను.

డబ్బాలో వెదకితిమి. ఆఱవ జార్జితలగల ఎఱ్ఱని అణాబిళ్లలు రెండువందలకు పైన గలవు. భూతద్దముతో చూడగా కొన్నింటిపై ముద్రచాపములలో మద్రాసుపేరి తునుకలు కనబడినవి. మద్రాసున దుర్గాబాయిగారు ఆంధ్రమహిళాసభను స్థాపించినది 1937లో. మనసు ఊరకుండునా? ఆమె అచ్చటికే పోయియుండు నని నమ్మవలెనని యుండును. కాని యా బిళ్లలు ఆమె తొడుగులవో, ఇరుగుపొరుగువా రిచ్చినవో నిర్ణయించు దారి లేదు. కాగితముతో సహా కత్తిరించి యుంచినచో కిటికీయంచునకు అంచు సరిపోల్చియుండెడివారము. నీట నానినబిళ్ల శుభ్రముగానే యున్నది. కాని నోరు పోయినది.

మా పిల్ల ఆ కిటికీలలో వ్రేలు పెట్టి చాలసేపు చూచినది. కత్తెర మాట మఱల నెత్తలేదు, మేమును ఎత్తలేదు. మఱి ముత్తైదువకు జవాబో? తెల్లవారుజామున దానికే తోచినది. తమ్మునిపేర వచ్చిన ప్రతితొడుగుమీదను చిరునామాకు మొదట అప్పగా రొకమాట వ్రాసియున్నది: 'చిరంజీవి'. 1937లో రేగుపండ్లంత యున్న ఆ మాట 1951లో ముత్యములవలె నుండును. మా పిల్ల నడుమకాలపు వ్రాత నొకదానిని పలుచనికాగితముపై దింపి, నాలుగుదినములు కూర్చుండి చెక్కినది. రకారము మూడుమాఱులు చెడినది. శుభలేఖలలో వరునకు 'చిరంజీవి' అనియు, వధువునకు 'చి.ల.సౌ.' అనియు వ్రాయుట వాడుక. అది ఆ సౌభాగ్యపు బిరుదును తీసివేసి, ఇద్దఱిపేళ్లకు ముందును అప్పగారి చేతివ్రాతలోని 'చిరంజీవి' నే ఒత్తినది. నూటయిరువది లేఖలు, రెండువందల నలువది ఆశీస్సులు. మూలలలో డబ్బాలోని దేశపటపుబిళ్లలు. తొడుగు ఒక్కటియు చిఱుగలేదు. ఖర్చు చేతికాగితముతోను తపాలాతోను గూడ ఆఱువేలు దాటలేదు.

పెద్దముత్తైదువకు మేమే స్వయముగా లేఖ నందిచ్చితిమి. అక్షరములవంక తేఱిపాఱజూచి, "ఇంత మంచి వ్రాత ఎవరిది?" అని యడిగినది. చెప్పితిమి. ఏమియు ననలేదు. లేఖను తిరిగి యీయలేదు. పెండ్లికి మాత్రము ముందురోజే వచ్చినది.

ఇండ్లలో పాతపెట్టెలు గలవారికి ఒకటి రెండు మాటలు. విడిబిళ్లలు దొరకినచో నిర్విచారముగ వాడుకొనవచ్చును. దేశపటపు నయాపైసలవంటివి సేకర్తల కక్కఱలేదు, కట్టలుగా చౌకకే దొరకును. తొడుగుమీదనున్న బిళ్లను మాత్రము తొడుగుమీదనే యుండనీయవలెను. ఎఱిగిన సేకర్తలును తొడుగుతోనున్న దానికే తఱచు ఎక్కువవెల కట్టుదురు. ఆశకైన లోబడి దాచుదురుగాక. రబ్బరుపట్టీతో కట్టరాదు, అది కరగి అంటుకొనును. నూలుదారము మేలు. లోపలి యుత్తరమును తొడుగునుండి వేఱుచేయక ఒక్కచోటనే యుంచవలెను. ఆడువారు వ్రాసిన యుత్తరములైనచో ఈ జాగ్రత్త రెండింతలు కావలెను. పురుషులకు దస్తావేజులు, ఉద్యోగపుపత్రములు, కోర్టుకాగితములు మిగులును. మా యప్పగారివంటివారికి ఆ పై తొడుగుతప్ప ఏ కచేరీలోను కాగితము మిగులలేదు.

మా పిల్ల ఇప్పుడు అత్తవారింట నుండి ఉత్తరపుకాగితములు చేసి అమ్ముచున్నది. ఒక్కొక్క కట్టలో అచ్చొత్తని తెల్లకాగితములే ఎక్కువ యుంచును. నెల కొకటి మాకు వ్రాయును. తొడుగులన్నియు వరుసతప్పకుండ మాయొద్దనే యున్నవి. డెబ్బదియేడేండ్లు దాటిన మా తండ్రిగారు ఎండపొద్దున వరండాలో కూర్చుండి డబ్బాను ముందిడుకొని యెఱ్ఱనిబిళ్లలను భూతద్దముతో ఒక్కొక్కటిగా పరీక్షించుచుందురు. మొన్న ఒకదానిపై తేదీ కనబడినదని మమ్ము కేకవేసిరి. 1939 నవంబరు. ఊరిపేరు ఉండవలసినచోట సగము వంపు మాత్రమే యున్నది.